సూర్యలంకలో మనము అతిథులము



వేసవి సెలవులు వచ్చినా, కార్తీక మాసం వచ్చినా, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల కుటుంబాలకు విహారయాత్ర అనగానే ముందు గుర్తుకు వచ్చేది సూర్యలంక. హైదరాబాదు వరకు వెళ్లి తలకొక టిక్కెట్టు కొనే స్తోమత అందరికీ ఉండదు గదా! సముద్రంలో దిగడానికి టిక్కెట్టు అడిగేవారు లేరు. అందుకే సండేస్కూలు పిల్లలైనా, స్త్రీల సమాజమైనా, యువజనులైనా పులిహోర పొట్లాలు కట్టుకొని అక్కడికే బయలుదేరుతారు. మేము కూడా సంఘ కుటుంబాలతో కలిసి అనేక పర్యాయాలు ఆ తీరానికి వెళ్లాము. సముద్రపు అందాన్ని గురించి చాలామంది రాశారు. ఆ తీరానికి వెళ్లే మన నడవడిని గురించి నాలుగు మాటలు రాయాలని మా ఉద్దేశము.

రేపల్లె నుంచి వచ్చేవారు రైలెక్కి, భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి చేరి, అక్కడ మద్రాసు వైపు వెళ్లే పెద్ద లైను బండి మారుతారు. నిడుబ్రోలు, అప్పికట్ల దాటితే బాపట్ల. కాలువ నీళ్లతో పండే వరి చేలు, వరి కోశాక మినుము చేలు కిటికీ పక్కనే కదిలిపోతుంటాయి. బాపట్లలో దిగి ఆటో ఎక్కితే తొమ్మిది కిలోమీటర్లు. నల్లరేగడి పోయి ఇసుక నేల వస్తుంది. సరుగుడు తోటల మధ్య నుంచి ఉప్పుగాలి ముఖానికి తగలగానే పిల్లలు కేకలు వేస్తారు.

ఈ తీరానికి పరాయివారు రావడం కొత్త కాదు. రేపల్లెకు దిగువనున్న నిజాంపట్నాన్ని పూర్వం పెటపోలి అనేవారు. 1606లో డచ్చి వర్తకులు అక్కడ స్థావరం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ అక్కడికే వచ్చింది. నాలుగు వందల ఏండ్లకు పైగా ఈ ఇసుక మీద కొత్తవారు దిగుతూనే ఉన్నారు. ఇప్పుడు కొత్తవారము మనమే. ఆదివారం ఉదయం బస్సు దిగి, సాయంత్రానికి మళ్లీ ఎక్కి వెళ్లిపోయేవారము.

గేటు ఉన్న చోట, గేటు లేని చోట

మన ప్రాంతం నుంచి కొందరు రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లి వచ్చారు. అది 1996లో హైదరాబాదు శివార్లలో వెలసింది. 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా పార్కు తెరిచారు. అట్టి చోట్ల గేటు ఉంటుంది, వరుస ఉంటుంది, అడుగడుగునా కాపలావారు ఉంటారు. బయటి భోజనం లోపలికి రానివ్వరు. నీటి ఆటల్లో దిగాలంటే నైలాను దుస్తులు వేసుకోవాలి. చీరతోనో నూలు బట్టలతోనో దిగనివ్వరు.

ఈ దుస్తుల నియమము దగ్గర మన పల్లెటూరి తల్లులు ఎంత బాధపడతారో మేము విన్నాము. "ఒంటికి అతుక్కునే బట్టలేసుకోమంటారా, మా మర్యాద ఏం కావాలి?" అని వారి ప్రశ్న. "నియమం చదువుకోకుండా వచ్చి గొడవ పెట్టుకుంటారు" అని పనివారి విసుగు. నిజానికి అందులో ఎవరి మర్యాదనూ తీసే ఉద్దేశము లేదు. వేగంగా జారే గొట్టాల్లో చీరకొంగు చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నూలు పోగులు నీటిని వడగట్టే యంత్రాలకు అడ్డుపడతాయి. రంగు దిగే బట్టలు నీటిని పాడుచేస్తాయి. ఒంటిని నిండా కప్పే నైలాను దుస్తులు కూడా దొరుకుతాయి. కారణము నెమ్మదిగా చెప్పేవారుంటే సగం తగవులు పుట్టవు. నియమానికి కారణం తెలియని చోట అది అవమానముగానే తోస్తుంది.

సూర్యలంకలో గేటు లేదు. వరుస లేదు. నియమము చెప్పే బల్ల ఒకటి ఉన్నా చదివేవారు తక్కువ. గేటు లేదు గనుక యజమాని కూడా లేడని మనము అనుకుంటాము. తగవులన్నీ ఇక్కడే మొదలవుతాయి. మనకు అది ఆటస్థలము. అక్కడి మత్స్యకారులకు అది పొలము, కళ్లము, వాకిలి.

అవి పాత పడవలు కావు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధము. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆ ఏర్పాటు చేసింది. మన పిల్లల వేసవి సెలవులూ సరిగ్గా అప్పుడే. అందువల్ల మనము వెళ్లేసరికి పడవలన్నీ ఒడ్డున ఉంటాయి. వలలు ఇసుక మీద పరచి ఉంటాయి. ఎవరూ వేటకు పోవడం లేదు గనుక అవి పనికిరానివని కొత్తవారు తలుస్తారు. చెప్పులతో పడవెక్కి ఫొటోలు దిగుతారు. వల మీదుగా నడుస్తారు. దాని మీద కూర్చొని భోజనాలు కూడా చేస్తారు.

ఆ రెండు నెలలే వారు వలలు బాగుచేసుకునే కాలము. కూలి లేని రోజుల్లో కూర్చొని, తెగిన ప్రతి కన్నునూ మళ్లీ అల్లుకుంటారు. ఆ నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 10 వేల రూపాయల నుంచి 20 వేలకు పెంచింది. రెండు నెలలు ఇల్లు గడవడానికీ, వలకూ, పడవకూ అదే ఆధారమైతే, మన చెప్పు కింద పడి తెగిన కన్ను విలువ ఎంతో ఆలోచించండి. మన కళ్లంలో ఆరబోసిన ధాన్యం మీద ఎవరో బూట్లతో నడిచిపోతే మనము ఊరుకుంటామా?

పడవ ముందు భాగానికి వారు పసుపు, కుంకుమ పెట్టుకుంటారు. మన విశ్వాసము వేరైనా, ఇంకొకరు పవిత్రంగా చూసుకునే దానిమీద కాలు పెట్టకుండుట మనకు చేతనైన పనే.

కేక తిట్టు కాదు

ఒక పర్యాయము మా బృందంలోని యువకులు కొందరు జనం లేని పక్కగా, నీరు నెమ్మదిగా కనబడిన చోట దిగబోయారు. దూరాన వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన లేచి, "రేయ్, అటు పోమాకండిరా! అక్కడ లాగుద్ది!" అని గట్టిగా అరిచాడు. మాతో వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి కోపం వచ్చింది. "చదువుకున్న పిల్లలను పట్టుకొని రేయ్ అంటాడేమిటి?" అన్నారు. మాటకు మాట పెరిగేదే. అంతలో పక్కనున్న చేపలమ్మే తల్లి, "అయ్యా, గాలికి ఎదురు మాట్లాడితే మెల్లగా వినబడదు గదా. అలల హోరులో అండీ, గిండీ అనే లోపల పిలగాడు పోతాడు" అన్నది. ఆ మాటతో ఉపాధ్యాయుడుగారు నవ్వి, ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి నమస్కారం చేశారు.

సముద్రం మీద బ్రతికేవారి గొంతు పెద్దది. పడవ నుంచి పడవకు, ఒడ్డు నుంచి అల అవతలికి మాట చేరాలి. ఆ గొంతును మనము మొరటుతనము అంటాము. పిలిచినా పలకకుండా నీళ్లలోకి పోయే మనలను చూసి వారు పొగరు అంటారు. ఇరువురూ పొరబడుతున్నారు గాని, ఈ పొరపాటుకు ప్రాణము చెల్లించేది మాత్రము నీళ్లలో ఉన్నవాడే.

ఆ పెద్దాయన "లాగుద్ది" అన్న దానినే శాస్త్రజ్ఞులు రిప్ కరెంట్ అంటారు. ఒడ్డుకు వచ్చి పడిన అలల నీరంతా తిరిగి లోపలికి పోవడానికి ఒక సన్నని దారి చేసుకుంటుంది. ఆ దారిలో అలలు తక్కువగా విరుగుతాయి గనుక పైకి అది ప్రశాంతంగా కనబడుతుంది. ఈత రానివారు అక్కడే క్షేమమని దిగుతారు. అందులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ దారి నుంచి తప్పుకోవాలి. ఈదే శక్తి లేకపోతే తేలుతూ చేయి ఎత్తి పిలవాలి. ఈ మాట మన పిల్లలందరికీ నేర్పండి.

పాటల పెట్టెలు, ఈలలు

కార్తీక మాసంలో, ముఖ్యంగా పౌర్ణమినాడు, సముద్ర స్నానానికి వేలమంది వస్తారు. తెల్లవారుజామున దీపాలు వెలిగించుకొని మౌనంగా నిలబడే కుటుంబాలు ఒకవైపు. వనభోజనాలకు వచ్చిన వ్యాన్ల మీద పాటల పెట్టెలు ఇంకొకవైపు. ఒక వ్యానులో సినిమా పాట, ఒక వ్యానులో భజన, మరొక దానిలో మన క్రైస్తవ గీతము. ఒకరు పెంచితే ఇంకొకరు పెంచుతారు. "కొంచెం తగ్గించండి బాబూ" అని దీపం పట్టుకున్న ఒక ముసలమ్మ అడిగితే, "మా పాట అని తగ్గించమంటున్నారా?" అని మన యువకుడొకడు అడగడం మేము విన్నాము. ఆమె ఎవరి పాటో చూసి అడగలేదు. పక్క వ్యాను వారిని కూడా అలాగే అడిగింది. పాట దేవునిదైనా పంతము మనదే గదా!

ఈ హోరులో ఇంకొక నష్టము ఉన్నది. పోలీసుల ఈల వినబడదు. మునుగుతున్నవాని కేక అసలే వినబడదు. కార్తీకము అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది. మన తీరానికి అది తుపానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను రేపల్లె ప్రాంతపు పెద్దలు నేటికీ మరువలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఎక్కడో దూరాన వాయుగుండము ఉన్నా ఇక్కడ అల పెరుగుతుంది.

2022 అక్టోబరులో విజయవాడ నుంచి సరదాగా వచ్చిన విద్యార్థుల్లో పలువురు సూర్యలంక అలల్లో ప్రాణాలు కోల్పోయారు. 2024 జూన్‌లో చీరాల దగ్గరి రామాపురం తీరాన ఒకేరోజు నలుగురు యువకులు మునిగిపోయారు. ఆ తరువాత కొద్ది రోజులు ఈ తీరాలకు జనాన్ని రానివ్వకుండా పోలీసులు ఆపవలసి వచ్చింది. ఇట్టి సమయాల్లో మొదట నీళ్లలోకి దూకేది ఎవరు? మనము మొరటువారన్న ఆ మత్స్యకారులే. గజ ఈతగాళ్లని మనము పిలిచేది వారినే. పడవలు వేసుకొని వెతికేదీ వారే. దొరకని బిడ్డ కోసం ఒడ్డున కూర్చున్న తల్లికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చేది ఆ ఊరి స్త్రీలే.

చూపూ, సీసా పెంకూ

తడిసిన చీరలతో ఒడ్డుకు వచ్చే స్త్రీలకు బట్టలు మార్చుకొనే చాటు దొరకడమే కష్టము. ఆ సమయాన ఫోన్లు ఎత్తి పట్టుకొనే మగవారిని చూస్తాము. స్నానం చేస్తున్న, బట్టలు మార్చుకుంటున్న స్త్రీని దొంగచాటుగా ఫొటో తీయడం చట్టరీత్యా నేరము. శిక్ష కూడా గట్టిదే. అయితే చట్టము కంటే ముందు ఇంట్లో తండ్రి కుమారునికి చెప్పవలసిన మాట ఇది. అలాగే చేపలు ఆరబెట్టుకునే తల్లులనూ, గుడిసె ముందు ఆడుకునే పిల్లలనూ అడగకుండా ఫొటో తీయవద్దు. మన పేటకు ఎవరో కారులో వచ్చి, మన పిల్లలను "పాపం" అంటూ ఫొటో తీసుకొనిపోతే మనకు ఎట్లుండును?

మద్యము తాగి సీసాలు ఇసుకలో పగులగొట్టేవారు ఆ మధ్యాహ్నమే వెళ్లిపోతారు. మరునాడు తెల్లవారుజామున ఉత్త కాళ్లతో వల లాగడానికి వచ్చేవాడు ఆ పెంకు మీద అడుగు వేస్తాడు. పారవేసిన ప్లాస్టిక్ సంచులు అలతో పోయి వారి వలలోనే తిరిగి చిక్కుతాయి. ఏటి మొదట్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్డు పగిలి బయటికి వచ్చే పిల్లలు వెలుగును చూసి సముద్రం వైపు నడుస్తాయి. రాత్రిపూట మనము వెలిగించే మంటలు, లైట్లు వాటిని దారి తప్పిస్తాయి.

విశాఖపట్నం రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2025 మార్చిలో నిర్వహణ లోపాల వల్ల ఆ జెండాను కొన్నాళ్లు దింపవలసి వచ్చి, సరిచేసిన తరువాతే తిరిగి లభించింది. మంచి పేరు తెచ్చుకోవడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం ఒక ఎత్తు.

బయలుదేరే ముందు

సంఘ పెద్దలకు, ఉపాధ్యాయులకు మా మనవి. బస్సు బయలుదేరే ముందు ప్రార్థన చేస్తాము గదా, ఆ తరువాత ఐదు నిమిషాలు ఈ మాటలు చెప్పండి. పిల్లలను లెక్కపెట్టి, పదిమందికి ఒక పెద్దవారిని నియమించండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది. ఆ హెచ్చరిక ఉన్ననాడు ప్రయాణము మానుకోండి. తీరము చేరగానే పోలీసులనో, అక్కడి మత్స్యకారులనో "ఎక్కడ దిగవచ్చు?" అని అడగండి. మోకాలు దాటి లోపలికి పోనివ్వకండి. స్త్రీలు బట్టలు మార్చుకోవడానికి రెండు దుప్పట్లు, నాలుగు కర్రలు తీసుకొని వెళ్లండి. చెత్త కోసం ఒక గోనె సంచి తీసుకెళ్లి, నింపుకొని తిరిగి తెచ్చుకోండి. చేపలు కొంటే కసిరి బేరమాడకండి.

ఇంటికి చుట్టాలు వస్తే మనము ఏమి చూస్తాము? గడప దగ్గర చెప్పులు విడిచారా, పెద్దవారిని పలకరించారా, పిల్లలను అదుపులో పెట్టుకున్నారా అని చూస్తాము. సూర్యలంక వారు కూడా మనలను చూసి అదే అనుకుంటారు. మళ్లీ రమ్మని వారు మనస్ఫూర్తిగా అనేటట్లు వెళ్లి వద్దాము.