జెర్సీ మీద మన పేరు

బ్రెజిల్ అనగానే మన కుర్రాళ్లకు పసుపు జెర్సీ, పెలే, నెయ్‌మార్ గుర్తుకొస్తారు. అదే దేశంలో ఆదివాసులు నడుపుకునే చిన్న ఫుట్‌బాల్ క్లబ్ ఒకటుంది. దాని పేరు గవియావ్ కియికతెజె. ఈ క్లబ్ సంగతి మన పిల్లలకు చెప్పాలని మేము అనుకోవడానికి కారణం ఆ పేరే.

గవియావ్ అంటే పోర్చుగీసులో డేగ. అది బయటివాళ్లు పెట్టిన పేరు. కియికతెజె వాళ్ల సొంత మాట, ఏటి ఎగువన ఉండే జనం అని అర్థం. మనకిది కొత్త కాదు. లోకం మమ్మల్ని కోయలంటుంది. మా భాషలో మేము కోయితోర్‌లం.

పారా రాష్ట్రంలోని మాయ్ మరియా అనే రిజర్వు భూమి వాళ్లది. దాని మధ్య నుంచి హైవే పోయింది, పెద్ద కరెంటు లైను పోయింది, కరజాస్ గనుల ఇనుప ఖనిజాన్ని సముద్రానికి చేర్చే రైలు 1985 నుంచి పోతోంది. సింగరేణి బొగ్గు వ్యాగన్లు చూస్తూ పెరిగినవాళ్లకు ఇంతకన్నా వివరించనక్కరలేదు.

బరువైన చెట్టు మొద్దును భుజాన వేసుకుని, ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ పరుగెత్తే పందెం వాళ్లకు తాతల నాటిది. ఫుట్‌బాల్ ఆ తర్వాత వచ్చింది. తెగ పెద్ద జెకా గవియావ్ తానే కోచ్ కూడా అయ్యాడు. 2014లో ఈ క్లబ్ పారా రాష్ట్ర పోటీల మొదటి డివిజన్‌లో ఆడింది. బ్రెజిల్‌లో ఆ మెట్టు ఎక్కిన మొదటి ఆదివాసీ క్లబ్ ఇదే. జట్టులో ఆదివాసేతరులూ ఉన్నారు. వాళ్లు కూడా కియికతెజె పేరుతోనే ఆడారు. ఆ మెట్టు మీద క్లబ్ ఎంతో కాలం నిలవలేదు. కానీ పేరు మార్చుకోలేదు.

మన పిల్లలు జోనల్ ఆటలకు వెళ్లినప్పుడు "ఏ ఊరు?" అని అడిగితే గూడెం పేరు చెప్పరు, దగ్గరి టౌను పేరు చెబుతారు. పక్కన ఎవరైనా ఉంటే కోయ మాట గొంతులోనే ఆగిపోతుంది. కాళ్లలో సత్తువ ఉన్నా తల వంచుకుని ఆడే పిల్ల ముందు ఆట మానేస్తుంది, తర్వాత బడి మానేస్తుంది. మా భయం ఓటమి గురించి కాదు, దీని గురించే.

మొదలుపెట్టడానికి పెద్ద మైదానం కూడా అక్కరలేదు. 1930లో ఉరుగ్వేలో వ్యాయామం నేర్పే హువాన్ కార్లోస్ సెరియానీ అనే ఉపాధ్యాయుడు ఫుట్సల్‌ను తయారుచేశాడు. జట్టుకు ఐదుగురు, 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కోర్టు. మన ఆశ్రమ పాఠశాలల ఆవరణలో అంత చోటు చాలావరకు దొరుకుతుంది.

జెర్సీల మీద పేరు అచ్చు వేయించే ముందు మాత్రం, తోటి టీచర్లూ, ఆ పేరు పిల్లలనే అడుగుదాం. వాళ్ల భాషలోనే చెప్పమందాం.