దిగే ముందు ఎక్కే చోటు

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి జెట్టీలో ఓడ దిగగానే టూరిస్టులు అడిగేది ఒకటే: "ఇక్కడ స్నార్కెలింగ్‌కి ఏ బీచ్ బెస్ట్?" పదకొండేళ్లుగా గైడుగా పనిచేస్తున్నాను. ఇప్పటికీ ఆ ప్రశ్నకు ఒక బీచ్ పేరు చెప్పి ఊరుకోను. "ఎన్నింటికి దిగుదామనుకుంటున్నారు? మీతో ఎవరు దిగుతున్నారు?" అని నేనే ఎదురు అడుగుతాను. కొందరికి చిరాకేస్తుంది. బేరం పెంచడానికి ఎత్తు వేస్తున్నాననుకుంటారు.

మా మూలం శ్రీకాకుళం జిల్లా. నాన్న విశాఖలో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చి, జంగ్లీఘాట్‌లో ఉండి చేపలవేట చేశాడు. నేను పుట్టింది ఇక్కడే. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. జెట్టీ దగ్గర మా నోళ్లలో మాత్రం ఇంకా పాత పేర్లే ఆడుతున్నాయి. అలవాటు కొద్దీ నేనూ అవే రాస్తున్నాను.

చలికాలం సెలవులంటే మాకు సీజను. మీకు అక్కడ స్వెట్టర్లు, ఇక్కడ సముద్రం నులివెచ్చగా 27, 28 డిగ్రీలు. అయితే చలికాలమంతా ఒకటి కాదు. డిసెంబరు మొదట్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. 2016 డిసెంబరులో వార్దా తుపాను మొదలైనప్పుడు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వందల మంది టూరిస్టులు చిక్కుకుపోతే నేవీ ఓడలు వచ్చి తీసుకెళ్లాయి. సంక్రాంతి దాటాక సముద్రం కుదురుకుంటుంది. కొత్తగా దిగేవాళ్లకు జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా మంచి రోజులు.

ఇక గాలి సంగతి. ఈ నెలల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. హేవ్‌లాక్‌లో రిసార్టులు చాలావరకు తూర్పు ఒడ్డునే ఉన్నాయి, గోవింద్‌నగర్, విజయ్‌నగర్ వైపు. గది తలుపు తీస్తే సముద్రం. ఇక్కడే దిగేస్తే బోటు ఖర్చు కూడా మిగులుతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ గాలి తిన్నగా తగిలేది ఆ ఒడ్డుకే. చిన్న చిన్న అలలే, ఈత వచ్చినవాడికి లెక్కలోవి కావు. మొదటిసారి ఊపిరి గొట్టం నోట్లో పెట్టుకున్నవాడికి మాత్రం ప్రతి అలకూ ఒక గుక్కెడు ఉప్పునీళ్లు. రెండు గుక్కలు మింగాక ఎంత అందమైన చేప వచ్చినా కంటికి ఆనదు. అదే రోజు, అదే గంటలో దీవికి అవతల, వాయవ్యాన ఉన్న ఎలిఫెంట్ బీచ్‌లో నీళ్లు చాలాసార్లు నిలకడగా ఉంటాయి. అందుకే పొద్దున్నే లేచి నేను చూసేది నీళ్లను కాదు, కొబ్బరాకులు ఎటు ఒరుగుతున్నాయో చూస్తాను.

గాలి తర్వాత ఆటుపోట్లు. ఈ పాఠం నేను ఇంకొకరి మోకాలి మీద నేర్చుకున్నాను.

గైడుగా అది నా మొదటి సీజను. హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త దంపతులు. వాళ్లు దిగిన రిసార్టు ముందే చూపించమన్నారు. ఆ రోజు గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. పాటు మొదలైందని, నీళ్లు తగ్గుతున్నాయని తెలుసు, ఇంకో గంట ఆగుతాయిలే అనుకున్నాను. చేపల వెంట పడి రెండు వందల మీటర్లు పోయాం. వెనక్కి తిరిగేసరికి దారి లేదు. మోకాలి లోతు కూడా లేని నీళ్లు, కింద బ్లేడుల్లాంటి కోరల్, సందుల్లో నల్లటి ముళ్లబంతుల్లా సీ అర్చిన్లు. ఈదడానికి నీళ్లు చాలవు, నడవడానికి నేల లేదు. అతని మోకాలు, పిక్క చీరుకుపోయాయి. కోరల్ గాయం తొందరగా మానదు. మిగతా సెలవంతా అతను గదిలోనే గడిపాడు. నేను డబ్బు తీసుకోలేదు. వాళ్లు నన్ను పల్లెత్తు మాట అనలేదు.

ఆ వారం ఇంటికెళ్లినప్పుడు జరిగింది చెబితే నాన్న వల బాగుచేస్తూ తలెత్తకుండానే అన్నాడు: "దిగీ ముందు ఎక్కీ సోటు సూసుకోవాల్రా."

నా వృత్తి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. అందరూ దిగే చోటు వెతుకుతారు, నీళ్లు ఎంత నీలంగా ఉన్నాయో, చేపలు ఎన్ని ఉన్నాయో అని. నేను బయటికొచ్చే చోటు వెతుకుతాను. కాళ్ల కింద ఇసుక ఉండాలి. గంట తర్వాత కూడా అక్కడ నడుము లోతు నీళ్లుండాలి. అలసిపోతే నీళ్లు మమ్మల్ని ఒడ్డు వైపుకే తోయాలి కానీ బయటికి లాగకూడదు. అందుకే పోటు సగం ఎక్కాక దించుతాను. పోటు వేళ బయటి నుంచి తేట నీళ్లు లోపలికి వస్తాయి, కోరల్‌కీ కడుపుకీ మధ్య జానెడు ఎక్కువ దూరం దొరుకుతుంది. పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి పోయిన వారం వచ్చిన మీ స్నేహితుడు చెప్పిన టైము ఈ వారం పనికిరాదు.

నీళ్లు కదలకుండా ఉన్నాయంటే భయం లేనట్టే అనుకోవడం ఇంకో పొరపాటు. రాధానగర్ బీచ్ చివర నీల్స్ కోవ్ అని ఒక మడుగులాంటి చోటుంది. అలల్లేవు, పచ్చటి నీళ్లు, చుట్టూ అడవి. చూస్తే పిల్లల్ని దించాలనిపిస్తుంది. 2010లో ఆ ప్రాంతంలోనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. మా దగ్గర ఉప్పునీటి మొసళ్లుంటాయి. మడ అడవుల కాలవల్లో ఉంటూ సముద్రంలోకీ వస్తాయి. అందుకని కాలవ సముద్రంలో కలిసే చోటు ఎంత ప్రశాంతంగా ఉన్నా నేను దించను. హెచ్చరిక బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగి, వెంటనే నీళ్లలో దిగేవాళ్లను రోజూ చూస్తుంటాను.

మొన్న జనవరిలో గుంటూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. కొడుకు, కోడలు, రిటైరైన టీచరమ్మ. కొడుకు తనకూ భార్యకూ మాట్లాడుకున్నాడు. "అమ్మ ఒడ్డున కూర్చుంటుంది," అన్నాడు. ఆవిడ మాత్రం నా చేతిలో మాస్కు వైపే చూస్తోంది.

"బాబూ, నాకు ఈత రాదయ్యా. ఎవరైనా దిగొచ్చా?"

"ఈత నాకొచ్చు కదమ్మా. మీకు ఊపిరి తీయడం వస్తే చాలు."

బీపీ, గుండె, ఉబ్బసం సంగతులు అడిగాను. ఇవి దాచిపెట్టే పెద్దవాళ్లంటేనే నాకు అందరికంటే భయం. గొట్టంలోంచి ఊపిరి లాగడం మామూలు ఊపిరంత తేలిక కాదు, గుండె మీద బరువు పడుతుంది. ఆవిడకు అలాంటివేమీ లేవు. చున్నీ తీసేసి, ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల చొక్కా వేసుకోమన్నాను. ఎండకూ అదే మేలు, సన్‌స్క్రీన్ నీళ్లలో కలిసి కోరల్‌కు చేటు చేయదు.

ఆ రోజు పొద్దున ఏడింటికి పాటు ముగిసి పోటు మొదలైంది. తొమ్మిదిన్నరకు ఎలిఫెంట్ బీచ్ చేరాం, జెట్టీ నుంచి బోటులో అరగంట లోపే. అడవి దారిన నడిచి కూడా రావచ్చు కానీ, వాన పడితే ఆ దారంతా బురద. ఒడ్డున 2004 సునామీకి కూలిన మహావృక్షాల మోడులు ఇంకా పడి ఉన్నాయి. జెట్ స్కీలు తిరిగే వైపు వదిలేసి, ఇసుక నేల ఉన్న చోటుకు తీసుకెళ్లాను.

మాస్కు పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగమన్నాను. అంటుకుని నిలిస్తే అది మీ సైజు. ఆవిడకు మొదటిదే నిలిచింది. కొడుక్కి మూడు మార్చినా నీళ్లు కారుతూనే ఉన్నాయి. మీసం సందుల్లోంచి నీళ్లు దూరుతాయి, మన వాళ్లతో ఇది మామూలే. వాజలైన్ రాస్తే కాస్త ఆగుతుంది. అద్దానికి ఆవిరి పట్టకుండా ఉమ్మి రాసి కడగమంటే కోడలు ముఖం తిప్పుకుంది. టీచరమ్మ మారు మాట్లాడకుండా రాసేసింది.

పది నిమిషాలు నడుము లోతులో, నా చెయ్యి పట్టుకుని, ముఖం మాత్రమే నీళ్లలో పెట్టి ఊపిరి. తర్వాత లైఫ్ జాకెట్‌తో రింగు పట్టుకుని తేలింది. ఇక్కడి కోరల్ ఒకప్పటిలా లేదు. 2010లో సముద్రం వేడెక్కి చాలా భాగం తెల్లబడి చచ్చిపోయింది. కొన్ని రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే ఎక్కువ. ఆ సంగతి ముందే చెబుతాను, లేకపోతే వీడియోల్లో చూసిన రంగులేవి అని నన్ను నిలదీస్తారు. అయినా చిలక చేపలు ఉన్నాయి. అవి రాయిని కొరుకుతుంటే నీళ్లలో టక్ టక్‌మని వినిపిస్తుంది. ఆ చప్పుడు విని ఆవిడ నా చెయ్యి గట్టిగా నొక్కింది. భయమేమోనని చూశాను. మాస్కు లోపల కళ్లు నవ్వుతున్నాయి.

నలభై నిమిషాల తర్వాత నీలం నీళ్ల వైపు వేలు చూపించింది, అటు పోదామని. నేను ఒడ్డు వైపు చూపించాను. కాస్త కినుకగానే వచ్చింది. ఇసుకలో కూర్చున్నాక నాన్న మాట చెప్పాను. ఆవిడ చేతిలో ఒక పగడపు ముక్క ఉంది. కోరల్‌కు వన్యప్రాణి చట్టం రక్షణ ఉందని, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని చెబితే, "అయ్యో" అంటూ లేచి నీళ్లలో వదిలేసి వచ్చింది.

తర్వాత ఎక్కడికెళ్లాలో అడిగారు. ఒక్క రోజే ఉంటే పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా నార్త్ బే ఉంది, పాత ఇరవై రూపాయల నోటు మీద దీపస్తంభంతో కనిపించేది. దగ్గర, కానీ రద్దీ ఎక్కువ. కోరల్ బాగా చూడాలంటే వండూరు నుంచి జాలీ బాయ్. మెరైన్ నేషనల్ పార్కు లోపల కాబట్టి సుమారు నవంబరు నుంచి మే దాకానే తెరుస్తారు, ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. వాళ్లు మర్నాడు నీల్ వెళ్తున్నారు కాబట్టి భరత్‌పూర్ చెప్పాను. జెట్టీ పక్కనే, లోతు తక్కువ. పోటు చూసుకుని దిగమన్నాను.

మర్నాడు ఎనిమిదింటికి ఫోను వచ్చింది. వెనక నుంచి కొడుకు గొంతు తొందరపెడుతోంది.

"బాబూ, ఇక్కడ నీళ్లు బాగా లోపలికి పోయున్నాయి. గైడు ఇప్పుడే దిగమంటున్నాడు. ఎక్కడానికి ఇసుక దారేదీ నాకు కనపడట్లేదు. పదకొండింటికి దిగుతామని చెప్పాను. సరేనా?"

నేను సరేననే లోపే, "టిఫిన్ చేసొద్దాం పదండి," అని వాళ్లతో చెప్పడం వినిపించింది. ఫోను పెట్టేసింది.