ముసురులో ఆర్‌ఎక్స్ 100

గోదావరిఖనిలో ముసురు పట్టిందంటే రోడ్డు మీద పారేది వాననీళ్లు మాత్రమే కాదు. టిప్పర్ల నుంచి రాలిన బొగ్గుపొడి తడిసి నల్లటి జారుడు బురదవుతుంది. ఓపెన్‌కాస్టు గనుల వైపు మలుపుల్లో ఆ పొర సన్నగా మెరుస్తుంటుంది.

అలాంటి దారిలో రోజూ డ్యూటీకి యమహా ఆర్‌ఎక్స్ 100 మీద పోయే సింగరేణి కార్మికుడి సంగతేమిటి? 1985 నుంచి 1996 దాకా తయారైన బండి అది. 98 సీసీ ఇంజను, రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఏబీఎస్ ఊసే లేదు. సైలెన్సర్ మోతకు పెట్టే ఖర్చులో సగమైనా టైర్లకు పెట్టరు మనోళ్లు!

టైరు గాడులు నీటిని పక్కకు తోస్తాయి గానీ, బురద నిండితే అవీ నున్నగా అయిపోతాయి. వెడల్పు టైరు చూడ్డానికి బాగుంటుంది. నిలిచిన నీటిని చీల్చుకుపోయేది మాత్రం సన్నదే. గాడులు లోతుగా ఉన్నా, ఏళ్లకేళ్లు ఎండకు గట్టిపడిన రబ్బరుకు తడిలో పట్టుండదు.

టైరు వయసు దాని పక్కగోడ మీదే నాలుగంకెల్లో అచ్చై ఉంటుంది. 3523 అంటే 2023లో 35వ వారం.

ఒక్క టైరుకే డబ్బులుంటే ముందు చక్రానికి వేయించాలి. అది జారితే బండిని నిలబెట్టుకోవడం కష్టం. షాపులో బేరం మొదలెట్టే ముందు ఆ నాలుగంకెలు చూడండి.