తెగిన వల ఇంకా వేటాడుతోంది

మాది విశాఖలో జాలరిపేట. నాన్న 30 ఏళ్లుగా వేటకెళ్తున్నాడు. వల పైకొచ్చాకే చేపను చూశాడు కానీ, కింద అదెలా బతుకుతుందో చూడలేదు. అది చూపించాలనే ఇంట్లో చిన్న రోబో కట్టాను. పీవీసీ పైపుల ఫ్రేము, పడవలో నీళ్లు తోడే పంపు మోటార్లు మూడు, 12 వోల్టుల బ్యాటరీ, నీళ్లు దూరని డబ్బాలో కెమెరా. 'వైఫై పెట్టొచ్చు కదరా' అంటారు ఫ్రెండ్స్. ఉప్పునీళ్లలో ఆ సిగ్నల్ జానెడు దూరం కూడా పోదు. అందుకే పొడవాటి కేబుల్.

మోటార్లు తిప్పితే చేపలు పారిపోతాయి. ఆపేసి ఓపిక పడితే రాళ్ల చాటు నుంచి ఒక్కొక్కటే వస్తాయి. ఓ పీతయితే కెమెరాతో గొడవకే దిగింది!

ఒకరోజు స్క్రీన్ మీద తెగిపోయిన వల కనిపించింది. రాళ్లకు చిక్కుకుని ఉంది. అందులో చచ్చిన చేపలు, వాటిని తినడానికొచ్చి ఇరుక్కున్న పీతలు. నైలాన్ కుళ్లదు కదా, లాగేవాళ్లు లేకపోయినా వల వేట ఆపదు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 'మనవి ఇలాంటివి ఎన్ని పోయాయో' అన్నాడు చివరికి. మర్నాడు బాబాయిని తీసుకెళ్లి, కొక్కెం వేసి దాన్ని పైకి లాగేశాడు.

ఇప్పుడు పేటలో ఎవరి వల తెగినా, ఆ చోటు గుర్తుపెట్టుకుని ముందు నాకే చెబుతున్నారు.