చెలక తరిగా మారిన చోట కుందేలు

జగిత్యాల నుంచి కోరుట్లకు, అక్కడి నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడల మీదుగా సిరిసిల్లకు సాగే దారిలో, ఒకప్పుడు వానను నమ్ముకున్న మెట్టసీమ కాలువ నీటి సీమగా మారిన తీరు వరుసగా కనిపిస్తుంది. పాత రెవెన్యూ పరిభాషలో తరి అంటే నీటి వసతి ఉన్న భూమి, ఖుష్కి అంటే వర్షాధారపు భూమి. ఖుష్కిలోని ఎర్ర నేలనే రైతులు చెలక అంటారు. ఒకే మండలంలో కాలువ కింది వరి, చెలక, పసుపు చేను, మామిడి తోట, రాళ్ల గుట్ట పక్కపక్కనే ఉండే ఈ ప్రాంతంలో కుందేళ్లు పెరిగాయా తగ్గాయా అని అడిగితే, పొరుగూళ్ల రైతులే ఒకరికొకరు పొసగని జవాబులు చెబుతారు. ఆ జవాబులలో ఏదీ అబద్ధం కాదని, ఎవరి పొలం ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి జవాబు మారుతున్నదని దారి పొడవునా చూసిన కొద్దీ తేలుతుంది.

ఇక్కడ తిరిగేది భారతీయ కుందేలు. లీపస్ నైగ్రికోలిస్ అనేది దాని శాస్త్రనామం, మెడ వెనక నల్లటి పట్టీ దక్షిణాది రకానికి గుర్తు, చెవులపిల్లి అన్నది ఊళ్లలో వినిపించే మరో పేరు. సంతల్లో పంజరాలలో అమ్మే తెల్ల కుందేలు ఐరోపా నుంచి వచ్చిన వేరే జాతి. అది బొరియ తవ్వుకుంటుంది, దాని పిల్లలు కళ్లు తెరవకుండా, ఒంటిమీద బొచ్చు లేకుండా పుడతాయి. అడవి కుందేలు బొరియ తవ్వదు. గడ్డి మొదళ్ల మధ్యనో తంగేడు పొద కిందనో తన ఒంటికి సరిపోయేంత పల్లాన్ని, అంటే పడకను, చేసుకుని పగలంతా అందులో కదలకుండా నక్కి ఉండి, చీకటి పడ్డాక మేతకు కదులుతుంది; దాని పిల్లలు పుట్టేటప్పటికే కళ్లు తెరిచి, బొచ్చుతో ఉంటాయి. చూలు కాలం సుమారు 6 వారాలు, ఈతకు 1 నుంచి 4 పిల్లలు, ఏడాదిలో ఏ కాలంలోనైనా ఈనే శక్తి ఉండడం వల్ల, దాగే చోటు దొరికితే ఈ జంతువు సంఖ్య త్వరగా పుంజుకుంటుంది. దాగే చోటు పోతే మాత్రం మేత ఎంత ఉన్నా నిలవదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పరిసరాల్లో వచ్చిన మార్పులకు మూలం ఇక్కడే ఉంది.

జగిత్యాల వైపు మార్పు పాతది. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, అంటే నేటి శ్రీరాంసాగర్, తన కాకతీయ కాలువ ద్వారా ఈ ప్రాంతానికి నీరు తెచ్చిన నాటి నుంచి వరి విస్తరిస్తూ వచ్చింది. పట్టణానికి ఆనుకుని పొలాసలో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి జగిత్యాల సన్నాలు వంటి వరి రకాలు, జగిత్యాల తిల్-1 అనే నువ్వు రకం వచ్చాయి. పరిశోధన వరికీ నువ్వుకూ రెంటికీ జరిగినా, కాలువ కింది పొలాల్లో నిలిచింది వరి ఒక్కటే. నువ్వు, పెసర, కంది, జొన్న వేసే చెలకలో కోత తరువాత కొన్ని నెలలు నేల ఖాళీగా ఉండి, గడ్డి మొలిచి, గట్ల మీద రేగు, బలుసు పొదలు పెరిగేవి. వానాకాలం, యాసంగి రెండు కార్లూ వరి పడే పొలంలో దమ్ము చేసిన నాటి నుంచి కోతల ముందు వరకు నీరు నిలుస్తుంది. గట్టు మనిషి నడవడానికే చాలనంత సన్నబడుతుంది. మిగిలిన గడ్డిని గడ్డిమందు మాడుస్తుంది.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. ఎండాకాలంలో పచ్చగడ్డి దొరకక మేతకు కటకటలాడే రోజులు కాలువ వచ్చాక తగ్గాయి, బోదెల వెంట మే నెలలో కూడా లేత గరిక ఉంటుంది, కాబట్టి కుందేళ్లు పెరగాలి కదా అనిపిస్తుంది. కాని కుందేలు మేసేది రాత్రి కొన్ని గంటలు, దాగవలసింది పగలంతా. పచ్చగా ఉన్నా పొద లేని చోట అది గద్దకూ కుక్కకూ దొరికిపోతుంది. యాసంగి కోత ముగియగానే వరి కొయ్యకాళ్లకు, అంటే హార్వెస్టర్ కోసి వదిలిన మొదళ్లకు, నిప్పు పెట్టే అలవాటు గట్టు మీద మిగిలిన ఒకటి రెండు పడకలను కూడా తుడిచిపెడుతుంది. యంత్రం పొలం అంచుల నుంచి లోపలికి చుట్లు తిరుగుతూ కోసుకు వస్తే, లోపలికి జరుగుతూ పోయిన కుందేలు పిల్లలు చివరి చుట్టులో చిక్కుతాయి. ఐరోపాలో గడ్డి కోత యంత్రాల విషయంలో ఈ నష్టాన్ని చాలాకాలం క్రితమే గుర్తించి, మధ్య నుంచి అంచులకు కోయమని రైతులకు సలహా ఇస్తున్నారు. ఇక్కడ ఆ సలహా ఇవ్వడానికి ఖర్చేమీ కాదు.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు నేల ఇంత ఏకరూపంగా లేదు. జూన్‌లో నాటితే జనవరి, మార్చి నెలల మధ్య తవ్వే పసుపు, దానిలో అంతరపంటగా వేసే మక్క, కలిసి 8, 9 నెలలు నేలకు నీడ ఇస్తాయి. ఇంతకన్నా దట్టమైన నీడ చెరకుది. కాని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు వేసిన రైతులు క్రమంగా ఇతర పంటలకు మళ్లారు, దానితో నక్కకు, అడవిపందికి, కుందేలుకు ఏడాది పొడవునా ఉండే మాటు ఒకటి పోయింది. ఫ్యాక్టరీ మూతను ఉపాధి ప్రశ్నగా చర్చించినంతగా నేల మీద దాని ప్రభావాన్ని ఎవరూ చర్చించలేదు, బహుశా చర్చించే తీరిక కూడా ఎవరికీ లేకపోయి ఉంటుంది.

ఈ నష్టానికి కొంత పూరకంగా నిలిచింది, ఎవరూ ఆ ఉద్దేశంతో కట్టనిదే అయినా, వరద కాలువ. శ్రీరాంసాగర్ నుంచి మధ్య మానేరు జలాశయం దాకా 122 కిలోమీటర్లు సాగే ఈ కాలువకు రెండు వైపులా తవ్విపోసిన మట్టి కట్టలు ఎత్తుగా, వెడల్పుగా ఉంటాయి. సేకరించిన భూమి కనుక వాటిని ఎవరూ దున్నరు. వాటి మీద గడ్డి, తంగేడు, సర్కారు తుమ్మ యథేచ్ఛగా పెరిగాయి. వరి మధ్య కనిపించని కుందేలు ఆనవాళ్లు ఈ కట్టల వెంట కనిపిస్తాయి. ఆనవాలు అంటే ప్రధానంగా పెంటికలు: మేక పెంటిక నిడుపుగా, నల్లగా, నున్నగా ఉంటే, కుందేలు పెంటిక గుండ్రంగా, కాస్త అణిగి, ఎండుగడ్డి పీచుతో లేత గోధుమరంగులో ఉంటుంది. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. మెత్తని మొదటి రకాన్ని నేలకు తగలక ముందే తానే తిని మళ్లీ జీర్ణం చేసుకుంటుంది, గట్టి రెండో రకమే నేల మీద మిగులుతుంది.

కథలాపూర్ దాటి రుద్రంగి వైపు గుట్టలు మొదలయ్యాక కథ వేరు, దానిలో చరిత్ర కూడా కలిసి ఉంది. భూస్వాములైన దొరలకు వ్యతిరేకంగా రైతుకూలీలు 1978 సెప్టెంబరు 9న జరిపిన జగిత్యాల జైత్రయాత్ర తరువాత, అదే ఏడాది సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు ఊళ్లు విడిచి పట్నం చేరాక, వారి భూములలో చాలా భాగం ఎర్రజెండా కింద ఏళ్ల తరబడి పడావు పడి ఉన్నాయి. పడావు అంటే దున్నకుండా వదిలిన భూమి. వందల ఎకరాల చెలక గడ్డిగా, పొదలుగా మారిన ఆ కాలం కుందేలుకు అనుకూల కాలమై ఉంటుందని ఊహించడానికి దాని జీవన విధానమే తగినంత ఆధారం. ఆ పోరాటాన్ని గురించి రాసినవారు కుందేళ్లను పట్టించుకోకపోవడంలో వింత లేదు. భూమి మీద మనుషుల తగవు కొనసాగినన్నాళ్లు ఆ భూమిని ఏ జీవులు వాడుకున్నాయన్నది మాత్రం పరిశోధకులెవరైనా చేపట్టదగిన అంశం. ఆ పడావు భూములలో ఎక్కువ భాగం ఆ తరువాత చేతులు మారి సాగులోకి వచ్చాయి. గుట్టలకు మరో ముప్పు గ్రానైట్. పాత కరీంనగర్ జిల్లా ఎరుపు గోధుమ రంగు రాయికి విదేశాల్లో ఉన్న గిరాకీ వల్ల, ఒకప్పుడు ఎవరికీ పనికిరానిదిగా వదిలేసిన బోడగుట్టే ఊరిలో అన్నిటికన్నా విలువైన ఆస్తి అయింది, గుట్ట చుట్టూ ఉండే పొదల వలయం లారీల దారి కింద పోయింది.

సిరిసిల్ల వైపు మార్పు అన్నిటికన్నా కొత్తది, వేగమైనది. నేత పట్టణంగా, అంతకు మించి నీటి కరువు సీమగా పేరుపడిన ఈ ప్రాంతంలో 2019లో మధ్య మానేరు జలాశయం నిండింది. 25 టీఎంసీలకు పైగా నిలవగల ఆ నీటి కింద కొదురుపాక, వరదవెల్లి, చీర్లవంచ, చింతలఠాణా వంటి ఊళ్లు మునిగాయి. భూగర్భ జలం పైకి వచ్చి బోర్లు పోయడం మొదలైనాక, పోచంపాడు కింద దశాబ్దాలు పట్టిన మార్పు ఇక్కడ కొద్ది ఏళ్లలోనే జరిగింది, చెలక తరి అయింది. మరోవైపు, జలాశయం నీరు వెనక్కి తగ్గే ఎండాకాలంలో బయటపడే ఒండ్రు నేల మీద పచ్చిక మొలుస్తుంది, పునరావాస కాలనీలకు తరలిపోయినవారు వదిలిన భూములలో నీటికి అందని అంచులు పొదలుగా మారాయి. అటువంటి అంచుల్లో కుందేలుకు కొత్త చోటు దొరుకుతుంది, కాని నీరు మళ్లీ ఎక్కినప్పుడు ఆ చోటు కుంచించుకుపోతుంది. ఏడాదిలోనే సంఖ్య హెచ్చి తగ్గడానికి అవకాశం ఉన్న నేల ఇది.

వేట సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే దానిని అన్నిటికీ కారణంగా చూపడం సులభమే తప్ప సరికాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కుందేలుకు రక్షణ ఇచ్చింది. 2022 సవరణతో షెడ్యూళ్ల సంఖ్య తగ్గినా దాని వేట నేరంగానే ఉంది. అయినా ఉచ్చులు, వలలు, రాత్రి పూట లైటు కొట్టి కళ్లు చెదరగొట్టి పట్టే పద్ధతి పూర్తిగా పోలేదు, అడవిపంది కోసం పంట చుట్టూ బిగించే కరెంటు తీగకు కుందేలూ బలి అవుతుంది. అయితే త్వరగా ఈనే ఈ జంతువు కొద్దిపాటి వేటను తట్టుకోగలదు, పడక పోవడాన్ని తట్టుకోలేదు. వేటగాడి కన్నా ఏడాది పొడవునా తిరిగే ఊరకుక్కల గుంపుదే పెద్ద నష్టం. నక్క, అడవిపిల్లి, గుంటనక్క తగ్గిన చోట వాటి ఖాళీని కుక్క నింపింది.

బ్రిటన్‌తో సహా ఐరోపా దేశాల్లో 1960ల నుంచి కుందేళ్లు బాగా తగ్గాయని తెలియడానికి అక్కడి వేట ఎస్టేట్ల పద్దులు ఆధారం. 12 ఐరోపా దేశాల పరిశోధనలను కలిపి చూసి 2005లో ప్రచురించిన సమీక్ష, పంటల వైవిధ్యం పోయి సాగు తీవ్రం కావడమే మూలకారణమని తేల్చింది. కెనడాలో మంచు కుందేలు సంఖ్య దాదాపు పదేళ్లకొకసారి పెరిగి పడిపోయే చక్రం బయటపడింది హడ్సన్స్ బే కంపెనీ బొచ్చు తోళ్ల లెక్కల వల్ల. జగిత్యాల, సిరిసిల్లలలో అటువంటి పద్దు లేదు. నాలుగేళ్లకొకసారి జరిగే పులుల గణన అటవీ బీట్లకు పరిమితం. కుందేలు ఎక్కువగా ఉండేది బీటు బయట, రైతు గట్టు మీద.

పద్దు మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. వరి, పసుపు, మామిడి, కాలువ కట్ట, గుట్ట పాదం, జలాశయం అంచు అనే ఆరు రకాల నేలల్లో స్థిరమైన చిన్న గళ్లు గుర్తించి, వాటిలోని పెంటికలను ఊడ్చి, నిర్ణీత వ్యవధి తరువాత కొత్తగా పడినవాటిని లెక్కపెట్టి, ఏటా అదే నెలలో అదే పని తిరిగి చేస్తే, ఏ నేలలో పెరుగుతున్నదో ఏ నేలలో తరుగుతున్నదో అయిదారేళ్లలో తెలుస్తుంది. పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం, కోరుట్లలో పశువైద్య కళాశాల ఈ గళ్లన్నిటికీ అందుబాటు దూరంలోనే ఉన్నాయి. విద్యార్థుల క్షేత్ర అభ్యాసంలో ఈ లెక్కను ఒక భాగం చేయవలసిందిగా ఆ రెండు సంస్థలకు విన్నపం. కొయ్యకాళ్లు కాలిన తరువాత గట్ల మీద లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు కనుక, మొదటి లెక్క యాసంగి కోతలకు ముందే, మార్చిలోనే జరగాలి.