విజయవాడ నుంచి చెన్నైకి నీటి దారి

విజయవాడ, చెన్నైల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 400 కిలోమీటర్లు. గన్నవరంలో లేచిన విమానం గంటా పావు అటూ ఇటూగా మీనంబాక్కంలో దిగుతుంది. రైలు దారి 431 కిలోమీటర్లు, పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు ఏడు గంటలు. ఊరి బయటి విమానాశ్రయానికి వెళ్లడం, అక్కడ తనిఖీలకు నిలబడడం, దిగాక మళ్లీ నగరంలోకి రావడం కలుపుకుంటే విమానం మిగిల్చే సమయం టిక్కెట్టు మీద కనిపించినంత ఉండదు. 1899లో ఈ పట్టాలు పడకముందు ధాన్యం, ఉప్పు, కట్టెల వంటి బరువు సరుకుకు కాలువే దిక్కు. దాని పొడవు కూడా 430 కిలోమీటర్లకు దగ్గరే; ప్రయాణానికి మాత్రం గంటల లెక్క లేదు, రోజుల లెక్కే.

కృష్ణ కుడిగట్టున సీతానగరం దగ్గర మొదలయ్యే కొమ్మమూరు కాలువ దుగ్గిరాల మీదుగా 113 కిలోమీటర్లు సాగి పెదగంజాం చేరుతుంది. అంతవరకు మంచినీరు, వరిచేలు. అక్కడి లాకు దాటితే బకింగ్‌హాం కాలువ, ఉప్పునీరు. సముద్రపు ఆటుపోట్లతో నీటిమట్టం మారుతుంది. గుండ్లకమ్మ, మన్నేరు, పెన్నా వంటి నదులు అడ్డొచ్చిన చోట కాలువ వాటి నీటిమట్టంలోనే దాటుతుంది. వరద, ఇసుక లోపలికి రాకుండా ఇరుపక్కలా లాకులు కట్టారు. ఆ రోజుల్లో పడవకు గాలి వాటంగా ఉంటే తెరచాప, లేకుంటే గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగే మనుషులు. కృష్ణపట్నం, దుగరాజపట్నం దాటి పులికాట్ సరస్సు. శ్రీహరికోట అడవి కట్టెలు ఈ దారినే మద్రాసు పొయ్యిల్లోకి వెళ్లేవి.

ఎన్నూరు నుంచి కథ చెన్నైది. కాలువ మొదట పుట్టింది కూడా ఇక్కడే. 1806లో బాసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరుకు 11 మైళ్ల కాలువ తవ్వించాడు. 1837లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. 1876–78 కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత కూవం, అడయార్ నదులను కలుపుతూ ఎనిమిది కిలోమీటర్ల మేర తవ్వించారు. ఆకలితో ఉన్నవాళ్లు మట్టి మోశారు, పేరు మాత్రం గవర్నరు బకింగ్‌హాం ప్రభువుకు దక్కింది.

1965, 1966 తుఫానులు కాలువను దెబ్బతీశాయి, సరుకు లారీలెక్కింది. అయినా కాలువను చంపింది తుఫాను కాదు, నగరం. మురుగునంతా అందులోకి వదిలింది. 1990లలో బీచ్ స్టేషన్ నుంచి మైలాపూరు దాకా వేసిన ఎత్తు రైలుమార్గానికి స్థలం కొనే ఖర్చు తప్పుతుందని కాలువలోనే స్తంభాలు దింపారు. వాననీరు పోయే దారి ఇరుకైంది. నీళ్లు మీదకొచ్చినప్పుడు ముందు మునిగేవి గట్టు మీది గుడిసెలు. ఆ గుడిసెలవాళ్లనే ఆక్రమణదారులని ఖాళీ చేయిస్తారు. స్తంభాలు ఆక్రమణ కింద లెక్కకు రావు. 2023 డిసెంబరులో మిగ్జాం తుఫాను వరదకు మణలి పారిశ్రామిక ప్రాంతపు చమురు ఈ కాలువలో పడి ఎన్నూరు సముద్రపు పాయను ముంచెత్తింది. జాలర్ల వలలు, పడవలు నల్లబారాయి.

అడయార్ దాటాక కాలువ మరక్కాణం వైపు మరో 110 కిలోమీటర్లు పోతుంది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలను, కృష్ణా గోదావరుల్లో కొంత మేరను కలిపి నాలుగో జాతీయ జలమార్గమన్నారు. పనులు ముందుగా చేపట్టింది కృష్ణలో ముక్త్యాల, విజయవాడల మధ్య. చెన్నైలో స్తంభాలు నిలిచిన మేర సరుకు పడవకు దారి లేదు.