సముద్రం దాటిన కవర్లు

నేల మీద నడిచిన దారికి ఆనవాలు మిగులుతుంది. బండి వెళ్తే గాడి పడుతుంది. నలుగురు నాలుగు రోజులు నడిస్తే గడ్డిలో కాలిబాట తేలుతుంది. సముద్రం అలాంటిది కాదు. ఎంత పెద్ద ఓడ చీల్చుకుంటూ వెళ్లినా వెనకాల నీళ్లు ఇట్టే కలిసిపోతాయి. వేల ఏళ్లుగా మనుషులు సముద్రాలు దాటుతూనే ఉన్నారు. వాళ్లు వెళ్లిన దారులకు కాగితం మీద తప్ప ఇంకెక్కడా గుర్తుల్లేవు. కెప్టెన్ల దినచర్యలూ, కంపెనీల సరుకు జాబితాలూ పెద్ద పెద్ద భాండాగారాల్లో ఉంటాయి. మామూలు మనిషి ఇంట్లో పెట్టుకుని, చేత్తో పట్టుకుని చూసుకోగలిగిన సముద్ర చరిత్ర మాత్రం తపాలా బిళ్ళ మీద, ఆ బిళ్ళ అంటించుకుని ఓడెక్కిన కవరు మీద దొరుకుతుంది.

ఓడల స్టాంపులు పోగుచేసేవాళ్లు సాధారణంగా బొమ్మతోనే మొదలుపెడతారు. నేనూ అంతే. కెనడా 1929లో తెచ్చిన 50 సెంట్ల ‘బ్లూనోజ్’ బిళ్ళను భూతద్దం కింద పెట్టి చూస్తే ఈ మోజు ఎందుకో ఎవరికైనా అర్థమవుతుంది. నోవా స్కోషియాలోని లూనెన్‌బర్గ్‌లో 1921లో నీళ్లలోకి దిగిన చేపల వేట ఓడ అది. వేటకు పోయేది, పందేలూ గెలిచేది. ఉక్కు పలక మీద చెక్కిన సన్నటి గీతలతోనే తెరచాప ఉబ్బునూ, ఓడ ఒరుగునూ, అలల కదలికనూ చూపించారు. వాడినది నీలం ఒక్కటే. ఆ ఓడ 1946లో హైతీ దగ్గర దిబ్బకు తగిలి మునిగిపోయింది. అది గాలిలో ఎలా పరుగెత్తేదో ఈనాటికీ ఆ బిళ్ళ చూసి చెప్పవచ్చు.

ప్రపంచంలో ఓడ బొమ్మతో వచ్చిన తొలి బిళ్ళను ఏ ప్రభుత్వమూ వేయలేదు. కరిబియన్ దీవి ట్రినిడాడ్‌లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్, శాన్ ఫెర్నాండో రేవుల మధ్య ‘లేడీ మెక్‌లౌడ్’ అనే చిన్న ఆవిరి ఓడ తిరిగేది. దాని యజమాని డేవిడ్ బ్రైస్ 1847 ఏప్రిల్‌లో తన ఓడలో వెళ్లే ఉత్తరాల కోసం సొంతంగా బిళ్ళలు అచ్చు వేయించాడు. వెల 5 సెంట్లు. నీలం రంగు మధ్య తెల్లగా ఓడ, కింద దాని పేరులోని పొడి అక్షరాలు. ముద్ర కొట్టే ఏర్పాటు లేదు కనుక కలంతో అడ్డంగా గీసేవారు, లేదంటే బిళ్ళ మూల చించేసేవారు. ట్రినిడాడ్ ప్రభుత్వం సొంత బిళ్ళలు తెచ్చింది 1851లో. అంటే తపాలా శాఖ కన్నా ఓడే ముందుంది.

ఓడ రాక ఆలస్యమైనందుకు పుట్టిన ఓడ బొమ్మ కూడా ఒకటుంది. 1856లో బ్రిటిష్ గయానాకు లండన్ నుంచి రావలసిన బిళ్ళలు వేళకు అందలేదు. పోస్టుమాస్టరు స్థానిక పత్రిక అచ్చుకూటంలోనే బిళ్ళలు వేయించాడు. వాళ్లు తమ దగ్గరున్న మూడు తెరచాప కొయ్యల ఓడ బొమ్మను మధ్యలో పెట్టి అచ్చు వేశారు. ముతకగా ఉన్న ఆ అచ్చును ఎవరైనా దొంగగా వేసుకుంటారని భయపడి, పోస్టుమాస్టరు గుమస్తాల చేత ఒక్కో బిళ్ళ మీదా పొడి సంతకం పెట్టించాడు. అందులో ఒక సెంటు బిళ్ళ ప్రపంచంలో ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. 1873లో పన్నెండేళ్ల బడిపిల్లవాడు వెర్నన్ వాన్ ఇంటి పాత ఉత్తరాల్లో దాన్ని చూశాడు, ఆరు షిల్లింగులకు అమ్మాడు. 2014లో న్యూయార్క్ వేలంలో అది దాదాపు 95 లక్షల డాలర్లు పలికింది. మూలలు కత్తిరించి ఎనిమిది పలకలుగా మిగిలిన ఆ ముదురు ఎరుపు ముక్కలో నన్ను పట్టి నిలిపేది దాని ధర కాదు. రేవు వైపు చూస్తూ ఓడ కోసం ఎదురుచూసిన ఒక ఊరి కంగారు ఆ అచ్చులో ఉంది.

బొమ్మను నమ్మడానికి మాత్రం ఒక హద్దుంది. అమెరికా 1893లో కొలంబస్ యాత్రకు నాలుగు వందల ఏళ్లు నిండాయని ఒక వరస బిళ్ళలు తెచ్చింది. ఒక సెంటు బిళ్ళ మీద దూరాన నేలను చూస్తున్న కొలంబస్‌కు గడ్డం లేదు. రెండు సెంట్ల బిళ్ళ మీద ఒడ్డున దిగిన కొలంబస్‌కు నిండా గడ్డం. 1903లో సెయింట్ కిట్స్-నెవిస్ వేసిన బిళ్ళ మీద ఆయన దుర్భిణిలోంచి చూస్తున్నాడు. దుర్భిణి వచ్చింది ఆయన పోయిన వందేళ్లకు. బొమ్మ గీసినవాడు సముద్రాన్ని తన ఊహలోంచి తెచ్చుకున్నాడు. అందుకని బిళ్ళ మీది ఓడను చూసినప్పుడు ఆ ఓడ గురించి ఎంత తెలుసుకుంటామో, దాన్ని ఎంచుకున్నవాళ్ల మనసు గురించీ అంత తెలుసుకుంటాం.

మన దేశం 1965 ఏప్రిల్ 5న జాతీయ నౌకాయాన దినోత్సవానికి తెచ్చిన 15 పైసల నీలం బిళ్ళ అలాంటిదే. దాని మీద ఉన్నది ‘జలఉష’, వెనక విశాఖపట్నం రేవు. సింధియా ఓడల కంపెనీ విశాఖలో కట్టిన ఆ ఓడను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి దింపారు. స్వతంత్రం వచ్చి ఏడాది నిండని దేశానికి, సొంత గడ్డ మీద కట్టుకున్న పెద్ద సముద్రపు ఓడ అంటే ఏమిటో ఆ బిళ్ళ చెబుతుంది. ఏప్రిల్ 5 అన్న తేదీకీ ఒక ఓడే కారణం. 1919లో ఆ రోజున అదే కంపెనీ ‘లాయల్టీ’ అనే ఓడను బొంబాయి నుంచి లండన్‌కు పంపింది. బ్రిటిష్ కంపెనీల గుత్తాధిపత్యానికి అది ఎదురునిలిచిన యాత్ర. ఆ ఓడ మునుపటి పేరు ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’. కెనడియన్ పసిఫిక్ కంపెనీ కింద వాంకూవర్ నుంచి యొకొహామా, హాంకాంగ్‌లకు టపా మోసిన ఓడ. అంతకు ముందే 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి తూత్తుకుడి నుంచి కొలంబోకు ఓడలు నడిపి, జైలు పాలైన చిదంబరం పిళ్ళైకి 1972లో బిళ్ళ వచ్చింది. ఈ మూడు కథలనూ ఒకే పేజీలో పక్కపక్కన పెడితే స్వాతంత్ర్య పోరాటం సముద్రం మీద కూడా జరిగిందన్న సంగతి పిల్లలకు సైతం తేలిగ్గా బోధపడుతుంది. పాలకులు ఓడ బొమ్మ వేయించడం మన నేలకు కొత్త అలవాటేమీ కాదు. రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి తన సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడను వేయించాడు.

అయినా బిళ్ళ ఎంత గొప్పదైనా చాలాసార్లు అది ఓడ బొమ్మే. బిళ్ళ తానే ఓడ ఎక్కి ఉండాలని లేదు. కవరు అలా కాదు. దాని మీది ముద్రలు, తేదీలు, చేతిరాతలు అన్నీ ప్రయాణంలో పడినవి. ముద్ర కొట్టే గుమస్తాకు ఊహించే తీరిక ఉండదు. చేతికొచ్చిన ఉత్తరం మీద ఆ ఊరి పేరూ ఆనాటి తేదీ వేసి పక్కకు పెడతాడు. నూరేళ్ల తర్వాత మనకు దారి చూపేది ఆ ముద్రే.

ఇంగ్లండ్‌కూ ఇండియాకూ మధ్య ఉత్తరం నడిచిన తీరు చూడండి. ఆఫ్రికా చుట్టూ తెరచాప ఓడలో వెళ్లే కాలంలో ఉత్తరానికి నాలుగు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలూ పట్టేది. 1825లో ‘ఎంటర్‌ప్రైజ్’ అనే ఆవిరి ఓడ ఫాల్మత్ నుంచి కలకత్తాకు 113 రోజుల్లో వచ్చింది. తర్వాత థామస్ వాగ్‌హార్న్ ఈజిప్టు మీదుగా, ఎడారిలో ఒంటెల మీద టపా దాటించి సూయజ్‌లో మళ్లీ ఓడెక్కించే దారిని పట్టుదలగా నిలబెట్టాడు. ఆయన ఏజెన్సీ ముద్ర ఉన్న ఉత్తరాలంటే సేకర్తలకు ప్రాణం. కవరు మీద ‘వయా మార్సెయిల్స్’ అని రాస్తే త్వరగా చేరేది, ఖర్చెక్కువ. ‘వయా సౌతాంప్టన్’ అంటే చవక, ఆలస్యం. 1868 నుంచి 1914 దాకా బొంబాయి వైపు వచ్చే టపాను నడిసముద్రంలో ఓడలోనే ఊళ్లవారీగా విడదీసే ‘సీ పోస్ట్ ఆఫీస్’ ఉండేది. కెరటాలకు ఊగుతున్న గదిలో నిలబడి గుమస్తాలు కొట్టిన ముద్రలవి. ఇక ఓడ మీదే రాసి, ఓడలోని పెట్టెలో వేసిన ఉత్తరానికి ఆ ఓడ జెండా ఏ దేశానిదో ఆ దేశపు బిళ్ళ చెల్లుతుంది. ముద్ర మాత్రం తర్వాతి రేవులో ‘పాక్‌బో’ అని పడుతుంది. బ్రిటిష్ బిళ్ళ మీద మద్రాసు ముద్ర కనబడితే ఏదో పొరపాటనుకోకండి. ఆ రెంటి మధ్యా ఒక సముద్రం ఉంది.

తెలుగువాళ్ల సముద్ర చరిత్రలో చాలా భాగం ఇలాంటి కవర్ల మీదే ఉంది. ఉత్తరాంధ్ర పెద్దల నోట ‘రంగం’ అని వినబడే బర్మాలోని రంగూన్‌కు విశాఖ, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో వేల కుటుంబాల మగవాళ్లు పనికి వెళ్లారు. రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. వాళ్ల బొమ్మతో ఏ బిళ్ళా రాలేదు. వాళ్లు ఇంటికి రాయించిన కార్డులు మాత్రం కొన్ని మిగిలాయి. 1937 మార్చి దాకా వాటి మీద మన ఇండియా బిళ్ళలే. ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయాక అవే బిళ్ళల మీద ‘బర్మా’ అని అదనపు అచ్చు కనిపిస్తుంది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కాక ఆ ఉత్తరాల వరస తెగిపోతుంది. అడవులూ కొండలూ దాటుకుంటూ కాలినడకన తిరిగొచ్చినవాళ్ల దగ్గర ఉత్తరం వేసే తపాలా కచేరీ ఎక్కడిది? ఆ ఖాళీ కూడా చరిత్రే. ఓడ ఎవరిదో బిళ్ళ చెబితే, ఆ ఓడలో ఎవరెవరు వెళ్లారో కవరు చెబుతుంది.

బిళ్ళా కవరూ ఒక్కటైపోయిన సందర్భం సూయజ్ కాలువలో వచ్చింది. 1967 జూన్‌లో యుద్ధం మొదలై కాలువ మూతబడేసరికి గ్రేట్ బిట్టర్ లేక్‌లో ఎనిమిది దేశాలకు చెందిన 14 సరుకు ఓడలు చిక్కుకుపోయాయి. ఎనిమిదేళ్లు అక్కడే. ఎడారి ఇసుక పడి పడి పసుపు రంగు తేలినందువల్ల లోకం వాటిని ‘పసుపు ఓడల దండు’ అంది. బ్రిటన్, అమెరికా, పోలండ్, బల్గేరియా, చెకొస్లొవేకియా, పశ్చిమ జర్మనీ, స్వీడన్, ఫ్రాన్స్ ఓడలు. ఆనాటి ప్రచ్ఛన్న యుద్ధంలో ఇటువారూ అటువారూ. ఆ నావికులు అదే అక్టోబరులో ఒక సంఘం పెట్టుకున్నారు. ఒక ఓడ మీద ఫుట్‌బాల్, ఇంకో ఓడ మీద సినిమా, వేరొక ఓడ మీద ఆదివారం ప్రార్థన. 1968లో సొంతంగా ఒలింపిక్స్ కూడా జరుపుకున్నారు. తోచక, ఇంటి మీద బెంగతో సొంత బిళ్ళలు చేత్తో గీసి, చెక్కి, అచ్చు వేసి ఉత్తరాలకు అంటించడం మొదలుపెట్టారు. ఆ ఉత్తరాలు ఇళ్లకు చేరాయి కూడా. కేటలాగుల వాళ్లు వాటిని అసలు బిళ్ళలుగా లెక్కించరు. నా లెక్కలో ఓడల బిళ్ళల్లో అంతకన్నా నిజమైనవి లేవు: గీసినవాళ్లు నావికులు, గీసింది తామున్న ఓడల్ని, అంటించింది తమ ఉత్తరాలకు. 1975లో కాలువ తెరుచుకున్నప్పుడు సొంత ఇంజన్ల మీద ఇల్లు చేరగలిగినవి రెండు జర్మన్ ఓడలే.

ఓడ మునిగినా ఉత్తరం చేరిన కథలు ఇంకా గొప్పవి. 1914 మే 29న కెనడాలోని సెయింట్ లారెన్స్ నదిలో ‘ఎంప్రెస్ ఆఫ్ ఐర్లండ్’ మునిగి వెయ్యి మందికి పైగా చనిపోయారు. గజ ఈతగాళ్లు పైకి తెచ్చిన టపాను ఆరబెట్టి, మునిగిన ఓడలోంచి తీసినదని ముద్ర కొట్టి బట్వాడా చేశారు. బిళ్ళ నీటికి ఊడిపోయి మరక మిగిలిన ఆ కవర్లను సేకర్తలు ఎంతో గౌరవంగా చూస్తారు.

ఇంకొకటి మన తీరం నుంచే బయల్దేరింది. బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ ‘గేర్‌సొప్ప’ 1940 డిసెంబరులో కలకత్తా నుంచి తేయాకు, ఇనుము, వెండితో ఇంగ్లండ్‌కు వెళ్లింది. 1941 ఫిబ్రవరిలో ఐర్లండ్ దగ్గర జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. సిబ్బందిలో ఎక్కువమంది లస్కర్లనే భారతీయ నావికులు. చిన్న పడవలో దాదాపు రెండు వారాలు కొట్టుకుపోయి చివరికి బతికింది రిచర్డ్ ఏయర్స్ ఒక్కడే. 2011లో ఆ ఓడ జాడ దొరికింది, 4,700 మీటర్ల లోతున. వెండి కోసం వెళ్లినవాళ్లకు 700కు పైగా ఉత్తరాలు కూడా చేతికొచ్చాయి. వెలుతురూ ప్రాణవాయువూ చేరని చోట ఒత్తుగా పడి ఉండటంతో కాగితం కుళ్లలేదు, సిరా చెరగలేదు. 2018లో లండన్ పోస్టల్ మ్యూజియం వాటిని ప్రదర్శించింది. వెండిని తూచి దాని విలువ చెప్పవచ్చు. డెబ్భై ఏళ్లు సముద్రం అడుగున ఉండి పైకొచ్చిన ఒక క్రిస్మస్ కబురును దేనితో తూస్తాం?

అందుకే ఈ సేకరణలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఒక్క మాట చెబుతాను. బిళ్ళ బాగుంది కదా అని కవరును నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి. బిళ్ళను విడిగా దుకాణంలో కొనుక్కోవచ్చు; ఆ ముద్రల వరస మాత్రం మళ్లీ దొరకదు. కవరు వెనక వైపు తిప్పండి, రేవుల పేర్లు చదవండి, తేదీల మధ్య రోజులు లెక్కపెట్టండి, ఆ వారం ఏ ఓడ ఆ దారిన వెళ్లిందో వెతకండి. పాత ట్రంకు పెట్టెల్లో రంగూన్ నుంచో, నాటాల్ నుంచో, సింగపూర్ నుంచో తాతముత్తాతలు రాసిన కార్డు ఉంటే, అది చదవడానికి రాకపోయినా పారేయకండి. ఓడలు కట్టినవాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి. వాటిలో వెళ్లినవాళ్ల పేరు చాలాసార్లు ఆ కార్డు మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. దాన్ని భద్రపరిస్తే మన ఇంటి చరిత్రతో పాటు సముద్ర చరిత్రలో ఒక పేజీని కాపాడినవాళ్లమవుతాం.